వయొలిన్‌కి రిబ్బన్ మైక్: గెయిన్ చాలట్లేదు, ఫాంటమ్ అంటే భయం

కమాను
కండెన్సర్ మైక్‌లో నా వయొలిన్ చెవిలో గుచ్చుకుంటోందని పాసివ్ రిబ్బన్ మైక్ కొన్నాను. గరగర పోయింది, హాయిగా ఉంది. కానీ ఇంటర్‌ఫేస్‌లో (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే నాబ్, చివరిదాకా తిప్పినా లెవెల్ రావట్లేదు, పైగా సుయ్‌మని హిస్. ఫాంటమ్, అంటే కేబుల్ గుండా మైక్‌కి పంపే 48 వోల్టుల పవర్, ఆన్ చేస్తే పెరుగుతుందా? రిబ్బన్ పోతుందని ఒకరు, ఏమీ కాదని ఒకరు. ఒకటే టెన్షన్.

పాతటేపు
పెరగదండీ. పాసివ్ మైక్‌లో ఫాంటమ్‌ని వాడుకునే సర్క్యూటే ఉండదు. యాక్టివ్ రిబ్బన్లు వేరు, వాటికి అది కావాలి.

రిబ్బన్ అంటే లోపల రెండు అయస్కాంతాల మధ్య వేలాడే అల్యూమినియం రేకు. మందం రెండు మూడు మైక్రాన్లు, అంతే. దాన్నుంచి వచ్చే సిగ్నల్ కూడా అంతంతమాత్రం. మెల్లగా వాయించే వయొలిన్‌కి 60 డీబీ పైనే గెయిన్ పడుతుంది. మైక్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య ఒక ఇన్‌లైన్ బూస్టర్ (సిగ్నల్‌ని పెంచే చిన్న పరికరం) పెట్టండి. ఫాంటమ్ అది తినేసి, మైక్ వరకూ పోనివ్వదు.

ఇక భయం సంగతి. కేబుల్ బాగుంటే 48 వోల్టులు దాని మూడు పిన్నుల్లో పిన్ 2కీ పిన్ 3కీ సమానంగా వెళ్తాయి కాబట్టి చాలా మైక్‌లకు ఏమీ కాదు. "బాగుంటే" అన్నాను చూడండి. నా మొదటి రిబ్బన్ అలాగే పోయింది. పాత కేబుల్, పిన్ 3 సోల్డర్ ఊడి ఉంది, నేను చూసుకోలేదు. ఫాంటమ్ ఆన్‌లో ఉండగానే గుచ్చాను. టప్‌మంది. ఆ తర్వాత ఏం రికార్డు చేసినా దుప్పటి కప్పుకుని పాడినట్టే. గ్రిల్‌లోంచి టార్చి వేసి చూస్తే రేకు జారిన పంచెలా ఒక పక్కకి వేలాడుతోంది. అప్పటినుంచి కొత్త కేబుల్‌ని మల్టీమీటర్‌తో చూడకుండా వాడను.

మూడోఫేడర్
మైక్ పనిచేస్తోందా అని ఊదొద్దు! మా దగ్గర ఒకాయన చేసిన ఘనకార్యం అదే.

వయొలిన్‌కి మూడడుగుల దూరం పెట్టి చూడండి. మరీ దగ్గరైతే బేస్ ఉబ్బిపోతుంది. ఇంకోటి, మీది ఫిగర్ ఎయిట్ అయితే ముందూ వెనకా ఒకేలా వింటుంది, పక్కలు మాత్రం చెవిటివి. చప్పుడు చేసే వస్తువుని ఆ పక్కకి ఉంచండి.

కమాను
బూస్టర్ ఇంకా రాలేదు. ఈలోగా కంప్యూటర్ సరిగ్గా పక్కకి వచ్చేలా మైక్‌ని తిప్పాను, ఫ్యాన్ హోరు దాదాపు మాయం! కానీ వెనక గోడ ఇప్పుడు బాగా వినిపిస్తోంది.

పాతటేపు
గోడకి మందపాటి దుప్పటి కట్టండి, లేదా మైక్‌ని గది మధ్యకి లాగండి. పని అయ్యాక దాన్ని నిలబెట్టే దాచండి. పడుకోబెడితే రేకు బరువుకి కిందికి సాగుతుంది.