పందుల కాల్పుల రాత్రి చేలల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ నారింజ జాకెట్టు తప్పనిసరి చేయాలా?

మెట్టరైతు, ఉదయగిరి:
వేరుశనక్కి ఊడలు దిగి కాయ పట్టే టైముకి పందులు దిగుతుండాయి. అడవిపందిని కాల్చాలంటే 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద రాతపూర్వక ఉత్తర్వు ఉండాల. అది లేకుండా తుపాకీ ఎత్తే మాటే లేదు. ఆ ఉత్తర్వు వచ్చిన రాత్రి కాల్చేవాళ్ళు, లైటు కొట్టేవాళ్ళు, మంచె మీద కాపలావాళ్ళు, అటుగా వచ్చేవాళ్ళు అందరూ మెరిసే నారింజ జాకెట్టు వేసుకోవాలని ఊళ్ళో తీర్మానం పెడదామనుకుంటుండా. ఏమంటారు?

కనిగిరి–కొలరాడో:
పెట్టాల్సిందే. ఇక్కడ అమెరికాలో, కొలరాడోలో రైఫిల్‌తో జింక, ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు పోతే నడుముకు పైన కనీసం 500 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ నారింజ ఉండాలి. దాంతోపాటు అన్ని వైపుల నుంచీ కనిపించే టోపీ. 2016 నుంచి గులాబీ కూడా ఒప్పుకుంటున్నారు. ఆకుల డిజైను కలిసిన నారింజ లెక్కలోకి రాదు. పెన్సిల్వేనియాలో 250 చాలు. జాకెట్టు చూసి పంది పారిపోతుందనే భయం వద్దు. జింకకైనా పందికైనా కంట్లో రంగుని పట్టే కణాలు (కోన్లు) రెండు రకాలే, నారింజ మనకి కొట్టొచ్చినట్టు కనపడినట్టు వాటికి కనపడదు.

ఒంగోలు గిత్త:
250ఆ, 500ఆ? ముందు అది తేల్చండి.

జామాయిల్ తోట:
కొలరాడో అన్నా, మీరు చెప్పేదంతా పగటి వేట. ఫ్లోరసెంట్ రంగు ఎండలోని అతినీలలోహిత, నీలం వెలుగుని పీల్చుకుని నారింజగా వదుల్తుంది. మబ్బు పట్టినా, పొద్దు గూకే వేళైనా దూరానికి కనపడేది అందుకే. చీకటి పడ్డాక పీల్చడానికి ఏముంది? రాత్రి పనిచేసేది దాని మీది వెండి పట్టీ. అదీ వెలుగు వచ్చిన దిక్కుకే వెలుగుని తిప్పి పంపుతుంది. లైటు చూసేవాడి కంటి పక్కనే ఉంటే, అంటే తలలైటైతే, పట్టీ భగ్గున మెరుస్తుంది. మన దగ్గర లైటు కొట్టేది ఒకరు, కాల్చేది ఇంకొకరు. లైటు పది అడుగులు పక్కన ఉంటే తుపాకీ పట్టుకున్నోడికి ఆ పట్టీ బూడిదరంగు గుడ్డే. థర్మల్ స్కోపులో జాకెట్టు రంగు తెలీదు, పట్టీ మెరవదు, ఒంటి వేడి ఒక్కటే తెలుస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ లైటున్న నైట్ విజన్‌లో పట్టీ మెరుస్తుంది గానీ నారింజని గుర్తుపట్టలేం.

కనిగిరి–కొలరాడో:
గిత్త గారూ, 500 అంటే ముందూ వెనకా చెరొక 16 అంగుళాల చదరం అనుకోండి. 500కి తగ్గొద్దు.

కందిచేను:
కొలతెందుకు, చలికి దుప్పటి కప్పుకుంటే జాకెట్టు మొత్తం లోపలికి పోతుంది. జాకెట్టు దుప్పటి మీదనే తొడగాల, కాబట్టి రెండు సైజులు పెద్దది కొనండి. వీపున స్ప్రేయర్ డబ్బా ఉన్నా, భుజాన గోతం ఉన్నా అంతే. కంది తలెత్తు పెరిగాక మనిషి కనపడేది నెత్తి దగ్గరే, టోపీ లేకపోతే జాకెట్టు దండగ. రోడ్డు పనివాళ్ళ పసుపుపచ్చ జాకెట్టు సాయంత్రం పైరులో కలిసిపోతుంది. ఎండకి పాలిపోయింది పనికిరాదు. కొత్త ముక్క పక్కన పెట్టి నీడలో చూడండి, తేడా తెలిసిపోతుంది. పట్టీకి మట్టి పడితే తడిగుడ్డతో తుడవాల. పగుళ్ళొస్తే మార్చేయాల.

ఒంగోలు గిత్త:
పసుపు మీద మీకేంది కోపం? మా షాపులో అదే దొరుకుతుంది.

రాపూరు మేకలదొడ్డి:
ఇంతసేపూ గుడ్డ గురించే మాట్లాడుతుండారు. కట్టెలకు పోయిన ఆడమనిషి, తప్పిపోయిన మేకని ఎతుక్కుంటూ పోయినోడు, ఎలకల కోసం గట్ల మీద తిరిగే యానాదులు, వీళ్ళకి జాకెట్టు ఎవురు కొనిస్తారు?

కనిగిరి–కొలరాడో:
ముందురోజే టముకు వేయించండి. ఆ రాత్రి అటు రావద్దని చెప్తే సరిపోతుంది.

రాపూరు మేకలదొడ్డి:
రావద్దని చెప్పినా వచ్చాడు, జాకెట్టు వేసుకోమన్నా వేసుకోలేదు. రేపు కేసులో రాసేది ఇదే. మా బావ బండి మీద పోతుంటే ఎదురుదారిలో వచ్చినోడు గుద్దాడు. హెల్మెట్ లేదని పరిహారంలో కోత పెట్టారు. చచ్చినోడి మీదకే తప్పు తోశారు.

కనిగిరి–కొలరాడో:
హెల్మెట్ గొడవ ఇక్కడెందుకు? నేను ప్రాణం గురించి మాట్లాడుతుంటే మీరు కేసులంటారు. జాకెట్టు వద్దనేవాళ్ళు రేపు శవాన్ని మోస్తారా?

రాపూరు మేకలదొడ్డి:
మోసేది మేమే, మీరు కాదు. జాకెట్టు వద్దని నేనెక్కడన్నా? అందరికీ తప్పనిసరి అన్నారే, అది వద్దంటుండా. నారింజ కనపడితే మనిషి, కనపడకపోతే పంది అని కాల్చేవాడికి అలవాటైందా, జాకెట్టు లేని మనిషి ఆడికి పందే. తల, కాళ్ళు, తోక తేటగా తెలిసేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు. ఆ ముక్క మీ తీర్మానంలో ఏదీ?

జామాయిల్ తోట:
ఈ మాట సరైంది. పంది అని తెలిసినా దాని వెనక ఏముందో చూడాల. 12 బోరు తుపాకీ ఉండ లైటు వెలుగు దాటి చానా దూరం పోతుంది, రాతినేల మీద పడితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. మంచె మీద నుంచి కిందకి, మెత్తటి మట్టిలోకి దిగేట్టు కొట్టాల. గట్టు మీద ఆకాశానికి ఆనుకుని నిలబడిన పందిని వదిలేయాల. ఫ్రాన్స్‌లో గుంపుగా పెద్ద జంతువుల వేటకు పోతే జాకెట్టూ తప్పనిసరే, పక్కవాడి దిక్కు నుంచి 30 డిగ్రీల కోణం వదిలి కాల్చాలనే భద్రతా నియమమూ ఉంది. మనం జాకెట్టు ఒక్కటే పట్టుకున్నాం.

మెట్టరైతు, ఉదయగిరి:
అయితే మార్చి రాస్తా. జాకెట్టు, టోపీ, తలలైటు తుపాకీ గుంపుకి. గుర్తుపట్టే పూచీ కాల్చేవాడిది. దారిన పోయేవాళ్ళ మీద షరతేమీ ఉండదు.

కనిగిరి–కొలరాడో:
దారిన పోయేవాళ్ళని వదిలేస్తే నేను ఒప్పుకోను. సరే, మంచె మీద కాపలావాడు గుంపులోనా, బయటా?

రాపూరు మేకలదొడ్డి:
కూలికొచ్చినోడు బయటే. ఆడికి జాకెట్టు కొనాల్సింది పొలం ఆసామి.

మెట్టరైతు, ఉదయగిరి:
కొనిస్తా అన్నా. కొనిచ్చినా వేసుకోకపోతే?

రాపూరు మేకలదొడ్డి:
ఆ రాత్రి తుపాకీ బయటికి తియ్యొద్దు.