ట్యాలీ బ్యాకప్ డి డ్రైవ్‌లో ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: తెనాలిలో మందుల హోల్‌సేల్ మాది. మూడు సిస్టమ్స్, ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా అంతా ఒకదాంట్లో. రోజూ రాత్రి డి డ్రైవ్‌లోకి బ్యాకప్ తీస్తాం, అది గూగుల్ డ్రైవ్‌కి సింక్ అవుతుంది. రాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బడిగే వైరస్) వస్తే ఇది కాపాడుతుందా అండీ?

జవాబు 1: కాపాడదండీ. సి, డి చాలా సిస్టమ్స్‌లో ఒకే డిస్కులో భాగాలు, డిస్కు పోతే రెండూ పోతాయి. రాన్సమ్‌వేర్ ఆ సిస్టమ్‌కి కనబడే డ్రైవులన్నిటినీ లాక్ చేస్తుంది, గుచ్చి వదిలేసిన పెన్‌డ్రైవ్‌తో సహా. సింక్ కూడా లాకైన ఫైళ్లనే పైకి పంపేస్తుంది. గూగుల్ డ్రైవ్‌లో పాత వెర్షన్లు మామూలుగా 30 రోజులే ఉంటాయి.

రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు పెట్టుకోండి, రోజు మార్చి రోజు వాడండి. మిగతా సిస్టమ్స్‌లో ట్యాలీ మూసేసి, ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్ + వై నొక్కి బ్యాకప్ తీయండి. అవగానే ఎజెక్ట్ చేసి వైరు పీకేయాలి. అసలు రక్షణ ఆ పీకడంలోనే ఉంది. రెండింటిలో ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉండాలి, షాపులో నిప్పంటుకున్నా లెక్కలు మిగులుతాయి.

నెలకోసారి రిస్టోర్ చేసి చూడండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. డెస్టినేషన్‌లో (రిస్టోర్ అయిన డేటా వెళ్లే చోటు) మామూలు డేటా ఫోల్డరే ఉంటే ఇవాళ్టి లెక్కల మీద పాతవి వచ్చి పడతాయి. ముందు ఖాళీ ఫోల్డర్ ఒకటి చేసి ఆ పాత్ ఇవ్వండి. తెరిచాక చివరి బిల్లు నంబరు, క్యాష్ బ్యాలెన్స్ కలిస్తే చాలు. పాత సంవత్సరాలవి చెరపకండి, జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి.

జవాబు 2: మరి మీ అకౌంటెంట్ ఇంటి నుంచి పనిచేస్తారా? ఎలా కనెక్ట్ అవుతారు?

అడిగినవారు: రూటర్‌లో ఏదో పోర్టు తెరిచారు, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్. పాస్‌వర్డ్ షాపు పేరు, పక్కన 123.

జవాబు 2: బ్యాకప్ సంగతి రేపు చూసుకోవచ్చు, ముందు ఇది మూసేయండి! రిమోట్ డెస్క్‌టాప్ మామూలుగా వాడేది 3389 పోర్టు, అది తెరిచి ఉన్న సిస్టమ్స్ కోసం ప్రోగ్రాములు రాత్రింబవళ్లు వెతుకుతుంటాయి. నంబరు మార్చినా కనిపెడతాయి. రూటర్ సెట్టింగ్స్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్‌కి వెళ్లి ఆ లైను తీసేయండి. దాని బదులు వీపీఎన్ (బయటి నుంచి షాపు నెట్‌వర్క్‌లోకి భద్రంగా వచ్చే దారి) పెట్టించండి. ఎనీడెస్క్ (దూరం నుంచి సిస్టమ్ నడిపే యాప్) అయితే అన్‌అటెండెడ్ యాక్సెస్ ఆపి, షాపులో మనిషి యాక్సెప్ట్ నొక్కితేనే తెరుచుకునేలా ఉంచండి. బిల్లింగ్ చేసే కుర్రాళ్లకి అడ్మిన్ లాగిన్ ఎందుకు? స్టాండర్డ్ అకౌంట్ చాలు. డేటా ఉన్న సిస్టమ్‌లో ఇంకా విండోస్ 10 ఉంటే ముందు దాన్నే మార్చండి, దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది.

జవాబు 3: కౌంటర్ ఫోన్ మర్చిపోకండి. వాట్సాప్‌లో చలాన్ అనో, పెళ్లి శుభలేఖ అనో చివర ఏపీకే (.apk, ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) ఉన్న ఫైలొస్తే తెరవొద్దు. అది ఇన్‌స్టాల్ అయితే ఓటీపీలు వాడి చేతికి పోతాయి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టండి. డబ్బు పోతే గంట కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అడిగినవారు: ఇప్పటికే లోపలికి వచ్చేసి ఉంటే?

జవాబు 1: ఫైళ్ల పేర్ల చివర కొత్త అక్షరాలు కనబడగానే ల్యాన్ వైరు పీకి, వైఫై ఆపండి. డబ్బడిగే నోటుకి ఫోటో తీసుకోండి, కంప్లయింట్‌కి కావాలి. అప్పటిదాకా ఫార్మాట్ వద్దు. కంగారులో బ్యాకప్ డిస్కు తెచ్చి అదే సిస్టమ్‌కి మాత్రం గుచ్చకండి.