పాత హామండ్ ఆంప్: వాల్వులు ఉంచాలా, తీసేయాలా?

జ్ఞానాపురం కీబోర్డు
మా చర్చి పాటల బృందానికి ఒక హామండ్ కంపెనీ ఎం-3 ఎలక్ట్రిక్ ఆర్గాన్ వచ్చింది. ఓడల్లో పనిచేసి రిటైరైన పెద్దాయన అమెరికా నుంచి తెచ్చుకున్నది, ఆయన పిల్లలు మాకు ఇచ్చేశారు. 1955 నుంచి 1964 దాకా తయారైన మోడల్. చాలా ఏళ్లుగా మూలన పడి ఉంది. కమిటీలో రెండు మాటలు నడుస్తున్నాయి. లోపలి వాల్వు ఆంప్ (గాజు వాక్యూమ్ ట్యూబులతో సౌండు పెంచే యాంప్లిఫయర్) తీసేసి సాలిడ్ స్టేట్ (ట్రాన్సిస్టర్ల) బోర్డు పెట్టించమని కొందరు, ఉన్నదాన్నే బాగు చేయించమని కొందరు. మీరేమంటారు?

డాబాగార్డెన్స్ సర్వీస్
బోర్డే పెట్టించండి. స్పీకరును నడిపే 6వీ6 వాల్వు పోతే వైజాగ్‌లో ఏ షాపుకెళ్లి అడుగుతారు? బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్లు వాల్వులు చేసిన రోజులు ఎప్పుడో పోయాయి. బోర్డు పోతే సాయంత్రానికి ఇంకోటి వేసేస్తాం. ఆదివారం ఆరాధన ఆగకూడదు కదా. పైగా మన సముద్రపు గాలికి వాల్వు సాకెట్ల పిన్నులు చిలుం పట్టేస్తాయి. అమెరికా వోల్టేజికి దించే ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, ఒక బోర్డు, అంతటితో పని అయిపోతుంది.

వాల్వు మేస్త్రి
సర్వీస్ అన్నా, ఆదివారం ఆగకూడదన్న మాటతో నాకు పేచీ లేదు. కానీ ఎం-3లో ఆంప్ అంటే స్పీకరుకు బలమిచ్చే డబ్బా ఒక్కటే కాదు. ఏఓ-29 అనే ఆ ఛాసిస్ (సర్క్యూటు బిగించిన లోహపు పెట్టె) లోంచే డ్రాబార్ల (స్వరాల పాళ్లు కలిపే లాగుడు పుల్లల) సిగ్నల్, పర్కషన్ (మెట్టు నొక్కగానే వచ్చే టక్కుమనే దెబ్బ), కాలి పెడల్‌తో వాల్యూమ్ పెంచి తగ్గించడం అన్నీ నడుస్తాయి. దాన్ని పీకేస్తే బోర్డుకు ముందు ఇవన్నీ మళ్లీ కట్టాలి. ఎవరు కడతారు?

స్టెప్‌డౌన్ సంగతి. అది వోల్టేజి దించుతుంది గానీ ఫ్రీక్వెన్సీని కదపదు. హామండ్‌లో స్వరం పుట్టేది తిరిగే ఇనప చక్రాల నుంచి. వాటిని తిప్పే సింక్రనస్ మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని పట్టుకుని నడుస్తుంది. అమెరికాది 60 హెర్ట్జ్, మనది 50. అంటే ఆరింట ఐదు వంతుల వేగమే వస్తుంది. ఒకటి శ్రుతి (సి) మెట్టు నొక్కితే దాదాపు కింది ఆరు శ్రుతి (ఏ) పలుకుతుంది! పక్కన గిటారు వాయించే అబ్బాయి ఏమైపోవాలి? 60 హెర్ట్జ్ ఇచ్చే కన్వర్టర్ ఎలాగూ కొనాలి, బోర్డు పెట్టినా పెట్టకపోయినా.

ఇక ఆంప్. ఇన్నేళ్లు కరెంటు చూడని దాన్ని దయచేసి నేరుగా ప్లగ్గులో పెట్టకండి. కరెంటును నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. అవి షార్టయితే ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ వాల్వు, దాని వెనకే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పోతాయి. నాకు వాటికన్నా భయం, ఒక వాల్వు నుంచి ఇంకోదానికి సిగ్నల్ మాత్రమే పంపే చిన్న కప్లింగ్ కెపాసిటర్లంటే. వాటిలో ఒకటి లీకై 6వీ6 గ్రిడ్ (వాల్వులో కరెంటును అదుపు చేసే జాలి) మీద పాజిటివ్ వోల్టేజి పడిందంటే, వాల్వులోని ప్లేటు ఎర్రగా కాలడం గాజులోంచి కళ్లారా కనిపిస్తుంది. వెంటనే స్విచ్ ఆపకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ (వాల్వులకు, స్పీకరుకు మధ్యది) వైండింగ్ కాలిపోతుంది. కాబట్టి ఈ కెపాసిటర్లన్నీ ముందే మార్చేయాలి. మొదటిసారి కరెంటు దారిలో సిరీస్ బల్బు పెట్టి (లోపల షార్టుంటే బల్బే వెలిగి కరెంటును అడ్డుకుంటుంది) ఆన్ చేయాలి. ఆఫ్ చేశాక కూడా లోపల 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటరుతో చూసుకునే చెయ్యి పెట్టాలి.

దొరకదన్న భయం వాల్వుల గురించి అక్కర్లేదు. గిటారు ఆంప్‌ల వల్ల 6వీ6 ఇప్పటికీ స్లొవేకియా, రష్యా, చైనాల్లో కొత్తగా తయారవుతోంది. 2022లో రష్యా ఎగుమతులు ఆగినప్పుడు అందరం టెన్షన్ పడ్డాం, అయినా సరుకు పూర్తిగా ఆగలేదు. కెపాసిటర్లు, రెసిస్టర్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. దొరకనివి ఆ రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, చక్రాల జనరేటరు. కాపాడుకోవాల్సింది వాటిని.

చినవాల్తేరు ఆల్టో
పార్టుల కోసమని పాడైన ఇంకో ఎం-3 కొని పక్కన పెట్టుకుంటే? ఒకరు అమ్ముతామంటున్నారు.

వాల్వు మేస్త్రి
కొనండమ్మా, కానీ విప్పేయకండి. ముందు అదీ బతుకుతుందేమో చూడాలి. జనరేటరు తిరుగుతున్న ఆర్గాన్‌ను నాలుగు స్క్రూల కోసం, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కోసం కోసేయడం నేను ఒప్పుకోను. ఇలా విప్పి దాచుకున్న సామాను అటక మీద తుప్పు పట్టడమే ఎక్కువ చూశాను. నిజంగా బాగుపడనిదైతే మాత్రం విప్పి, మనకు అక్కర్లేనివి అడిగినవాళ్లకు ఇచ్చేయండి.

డాబాగార్డెన్స్ సర్వీస్
శ్రుతి సంగతి ఒప్పుకుంటున్నాను మేస్త్రి గారూ. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. మీరున్నంత కాలం మీరు చూస్తారు. తర్వాత? ఇప్పటి కుర్రాళ్లు మొబైల్ బోర్డులు చూస్తారు గానీ వాల్వు ఛాసిస్ ముట్టుకోరు. చర్చివాళ్లు ఎవరి కాళ్లు పట్టుకోవాలి?

వాల్వు మేస్త్రి
అడగాల్సిన ప్రశ్నే. అందుకే పని చేసినప్పుడు సర్క్యూట్ బొమ్మ, ప్రతి వాల్వు పిన్ను దగ్గర ఎన్ని వోల్టులు ఉండాలో రాసిన కాగితం క్యాబినెట్ లోపల అతికించాలి. వోల్టేజి కొలవడం వచ్చిన ఏ మెకానిక్కైనా అది చూసి చేయగలడు. ట్రాన్స్‌ఫార్మర్ పోతే మోటార్లు చుట్టే షాపుకు ఇచ్చి చుట్టించవచ్చు, పాతదాని చుట్లు లెక్కపెట్టి, పొరల వరస రాసుకుంటే. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రైమరీ, సెకండరీ పొరలు ఒకదాని మధ్య ఒకటి ఉంటాయి, ఆ వరస తప్పితే పై స్వరాలు మొద్దుబారతాయి. మీ బృందంలో ఆసక్తి ఉన్న పిల్లలుంటే పని జరిగేటప్పుడు పంపండి, నేర్పుతాను.

జ్ఞానాపురం కీబోర్డు
కన్వర్టర్ రేటు కనుక్కుని మీటింగులో పెడతాను. దానికి డబ్బు కుదిరితే వాల్వులు ఉంచడానికే నా ఓటు. ఈలోగా ప్లగ్గు వైరు చుట్టి, ఎవరూ ఆన్ చేయొద్దని కాగితం అతికించాను. సర్వీస్ గారూ, ఛాసిస్ విప్పే రోజు మీరూ రండి. సాకెట్ల చిలుం సంగతి మీకే బాగా తెలుసు.

డాబాగార్డెన్స్ సర్వీస్
వస్తాను. కాంటాక్ట్ క్లీనర్ నేను తెస్తాను.