ఒక్కరోజు అడవి నడకకి మారేడుమిల్లా, కోరంగా?

లంక పిల్ల:
మాది అమలాపురం దగ్గర లంక గ్రామం. డిసెంబర్‌లో ఒక ఆదివారం అడవిలో ఏటి పక్కన కాసేపు నడిచి, రాత్రికి ఇంటికొచ్చేయాలని ఉంది. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల పాప, అమ్మ. అమ్మకి 64, మోకాళ్ల నొప్పులు. చదును నేల మీద గంట నడుస్తుంది, ఎత్తు ఎక్కలేదు. తనని వదిలి వెళ్లే ఉద్దేశం లేదు. ఎక్కడికి వెళ్లమంటారు?

ఏటిగట్టు:
మారేడుమిల్లి అండి, రెండో మాట లేదు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా వెళ్తే ఎండ ముదరక ముందే అడవిలో ఉంటారు. పాములేరు వాగు ఒడ్డున చదునుగా నడవొచ్చు. మంచు పట్టిన చెట్లు, రాళ్ల మధ్య నీళ్ల చప్పుడు, మధ్యాహ్నం బొంగు చికెన్. కొబ్బరితోటల్లో పెరిగిన పిల్లకి ఒక్కసారైనా నిజమైన అడవి చూపించండి.

మడచెట్టు:
నిజమైన అడవంటే కొండ ఉండాలా అండి? కోరంగి మడ అడవి 235 చదరపు కిలోమీటర్లు. 1978 నుంచి అభయారణ్యం. బావురుపిల్లులూ నీటికుక్కలూ తిరిగే చోటు. వాళ్ల ఊరి నుంచి యానాం వంతెన దాటి చొల్లంగి వైపు వెళ్తే యాభై కిలోమీటర్లు, అటూ ఇటూ. మారేడుమిల్లి దానికి మూడింతలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడని పొద్దున్న నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు కారులో కూర్చోబెడతారా? డిసెంబర్‌లో ఐదున్నరకే పొద్దుగూకుతుంది. తిరుగు ప్రయాణమంతా చీకట్లోనే.

ఏటిగట్టు:
కోరంగిలో నడిచేది చెక్క వంతెన మీద. అది నడకెలా అవుతుంది? కాలికి మట్టి తగలాలి. ఆవిడ అడిగింది అడవిలో నడక, పార్కులో షికారు కాదు.

కొబ్బరాకు:
మా నాన్నగారికి ఆ చెక్కలే కలిసొచ్చాయి. ఎక్కడా మెట్టెక్కే పని లేదు, పట్టుకోడానికి పక్కన కర్రలున్నాయి.

మడచెట్టు:
చెక్కలు ఎందుకేశారో ఒకసారి కిందకి వంగి చూడండి. దిగితే మోకాలి దాకా కూరుకుపోయే బురద. ఆ బురదలోంచి జానెడు పొడుగున మేకుల్లా పైకి లేచిన వేళ్లు, వేలకి వేలు. మడచెట్టు ఊపిరి పీల్చేది వాటితోనే. తొక్కితే అవీ విరుగుతాయి, మన కాలూ చీరుకుపోతుంది. సముద్రం పాటుకి నీళ్లు దిగినప్పుడు వెళ్తే ఆ వేళ్ల మధ్య ఎర్ర పీతలు, రెక్కల మీద ఊతమేసి బురదలో పాకే చిన్న చేపలు కనిపిస్తాయి. పాప ఒక్కచోటే అరగంట నిలబడిపోతుంది, చూడండి.

గోదారోడు:
పాటులో వెళ్తే ఉత్త బురదేనండి. పోటు మీద, అంటే నీరు ఎక్కేటప్పుడు వెళ్లాలి. అప్పుడే పడవ కాలవల్లోకి పోతుంది.

మడచెట్టు:
పడవ గురించి ఎవరూ అడగలేదు. నడక గురించి అడిగారు.

యానాం బాబాయి:
రెండూ కుదురుతాయమ్మా. నీరు పూర్తిగా ఎక్కాక మళ్లీ పూర్తిగా దిగడానికి ఆరు గంటల పైచిలుకు పడుతుంది. పోటు మీద పడవెక్కి, తర్వాత నీడన కూర్చుని భోంచేసి, నీరు దిగాక నడవండి. రోజుకి యాభై నిమిషాల చొప్పున వేళ ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి నిన్న వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన టైం పట్టుకుని వెళ్లకండి.

ఏటిగట్టు:
ఇదంతా పడవల లెక్క. అడవి నడకకి ఇవన్నీ ఎందుకు?

మడచెట్టు:
సరే, మీ మారేడుమిల్లి లెక్కే చెప్పండి. వాగు ఒడ్డున ఏ చోట దిగాలి? ఎంత దూరం నడవాలి? మొదట్నుంచీ వెళ్లండి వెళ్లండి అంటున్నారు తప్ప దారి చెప్పట్లేదు.

ఏటిగట్టు:
చెప్పను. మూడేళ్ల కిందట ఇలాగే ఒకరు అడిగితే నాకు తెలిసిన దారి మలుపులతో సహా రాశాను. మళ్లీ ఏడాది వెళ్తే ఇసుకలో సీసా పెంకులు. మా తమ్ముడి కొడుకు అరికాలు తెగి ఏడు కుట్లు పడ్డాయి. పక్కన గూడెంలో కొండరెడ్ల పెద్దాయన చెంబుతో నీళ్లు తెచ్చి కాలు కడిగి కట్టు కట్టాడు. అవి ఆ వాగు నీళ్లే. వాళ్లు తాగేవీ అవే. ఆ దారి రాసింది నేనని ఆయనకి చెప్పలేకపోయాను. అప్పట్నుంచి ఎవరికీ దారి రాయను.

గోదారోడు:
అడవి మీ సొత్తు కాదు కదండి. మీరు చూసొచ్చి, మిగతావాళ్లు చూడొద్దంటే ఎలా?

మడచెట్టు:
ఏటిగట్టు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ నా కోపం చెక్క వంతెన గురించి కాదు. దారి చెప్పకుండా వెళ్లమంటే ఆవిడ ఎక్కడ దిగుతుంది? తెలియని చోట దిగుతుంది. మా పెదనాన్నగారి అబ్బాయి అలాగే దిగాడు, ఏజెన్సీలో ఒక వాగులో. పైన ఎండ కాస్తోంది. ముందు నీళ్లు ఎర్రబడ్డాయట. తర్వాత ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొచ్చాయి. పై కొండల్లో వాన పడిందని అదే గుర్తు. ఒడ్డున ఉన్న ఏడుగురిలో ఒక్కరికీ తెలియదు. అన్నయ్య మర్నాడు దొరికాడు. ఎవరో ఒకరు "చదునుగా ఉంటుంది, వెళ్లండి" అని చెబితేనే వెళ్లారు. అంతే చెప్పారు.

కొబ్బరాకు:
అయ్యో.

ఏటిగట్టు:
ఇది నాకు తెలియదండి. క్షమించండి. డిసెంబర్‌లో వాన తక్కువే, అయినా తుపాను పట్టిన రోజుల్లో వాగు దగ్గరికే పోకూడదు. ఆ ముక్క ముందే రాయాల్సింది. దారి మాత్రం ఇప్పుడూ రాయను. వెళ్లేవాళ్లు ఆ ఊరి మనిషిని వెంటబెట్టుకుని వెళ్లాలి, అడగకుండానే రోజు కూలి చేతిలో పెట్టాలి. ఎక్కడ దిగాలో, ఎప్పుడు దిగకూడదో ఆ మనిషికి తెలుస్తుంది. చెత్త వేస్తే ఆపేదీ ఆ మనిషే.

మడచెట్టు:
అందరూ మనిషిని పెట్టుకోరు. డబ్బు దండగ అనుకుంటారు. దారి తెలియకపోయినా పోతారు. అందుకే ఉన్నదున్నట్టు రాయాలంటాను, ప్రమాదంతో సహా.

ఏటిగట్టు:
రాస్తే ఇంకో నాలుగు వందల మంది పోతారు. ఇక్కడ మనిద్దరికీ కుదరదండి.

లంక పిల్ల:
అమ్మకి మొత్తం చదివి వినిపించాను. నీళ్లు ఎర్రబడిన మాట దగ్గర ఆపమంది, చాలాసేపు మాట్లాడలేదు. కోరంగికే వెళ్తున్నాం. మారేడుమిల్లికి వచ్చే ఏడు రెండు రోజులు పెట్టుకుని, అక్కడి మనిషిని మాట్లాడుకునే వెళ్తాం. బాబాయి గారూ, సంక్రాంతి నెల పట్టాక వచ్చే మొదటి ఆదివారం అనుకుంటున్నాం. నీరు ఎన్నింటికి దిగుతుంది?

యానాం బాబాయి:
ఆటుపోట్లు చంద్రుణ్ణి బట్టే కదా, ఆ రోజు తిథి ఏంటో క్యాలెండర్‌లో చూసి చెప్పమ్మా, లెక్కగట్టి రాస్తాను. సాయంత్రం దోమలుంటాయి, పాపకి నిండు చేతుల చొక్కా వెయ్యి. తిల్ల చెట్టు కొమ్మలు మాత్రం విరవనివ్వకు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.