నడిస్తే బరువు తగ్గదట. అయితే ఎందుకు నడుస్తున్నట్టు?

కైలాసగిరి:
ఈ మధ్య ఏ డాక్టరు వీడియో పెట్టినా ఒకటే మాట. బరువు తగ్గాలంటే నోరు కట్టుకోవాల్సిందే, నడకలూ జిమ్ములూ గుండెకు మంచివే గానీ బరువు విషయంలో దండగ అని. ఇంకో వర్గం దానికి పూర్తిగా ఎదురు. తిండి తగ్గిస్తే మెటబాలిజం (ఒళ్లు శక్తి ఖర్చు చేసే వేగం) పడిపోతుంది, ఆ తర్వాత మంచినీళ్లు తాగినా లావెక్కుతారు, వ్యాయామమే దిక్కు అని వీళ్లు. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ రెండూ ఒకే రోజు ఒకే మనిషి పంపిస్తాడు! నాకైతే మొదటి మాట మింగుడు పడటం లేదు. తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి. "నేను తగ్గాను, మీరూ తగ్గుతారు" కథలు మాత్రం వద్దు.

ఉప్పుచేప:
లెక్కలే కావాలా? డెబ్భై కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే అయ్యే ఖర్చు రెండొందల యాభై, మహా అయితే మూడొందల కేలరీలు. అందులో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేది డెబ్భై దాకా ఉంటుంది, అది తీసెయ్యండి. ఇప్పుడు మీ విశాఖ బీచ్ రోడ్డులోనే పొద్దున్నే టిఫిన్ బండి పక్కన కాసేపు నిలబడండి. నడక ముగించినవాళ్లు చెమట తుడుచుకుంటూ వస్తారు. ఒక ప్లేటు పూరీ, దాని మీద బొంబాయి చట్నీ ఇంకో గరిటె, చివర్లో పంచదార దట్టించిన టీ. నడిచిందంతా అక్కడే చెల్లు.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే టాంజానియాలోని హడ్జా జాతిని చూడండి. వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే జనం, రోజంతా కాళ్ల మీదే ఉంటారు. హెర్మన్ పాంట్జర్ బృందం వాళ్లు రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తారో కొలిచి 2012లో ప్రచురించింది. శరీర పరిమాణం లెక్కలోకి తీసుకున్నాక వాళ్ల ఖర్చుకీ అమెరికాలో కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ల ఖర్చుకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒళ్లు ఒకచోట ఎక్కువ ఖర్చు పెడితే ఇంకోచోట పొదుపు చేసుకుంటుందని ఆయన వాదన. కాబట్టి డాక్టర్లు చెప్పేదే కరెక్టు.

జిమ్ సీనయ్య:
బ్రదర్, తిండి ఒక్కటే కోస్తే ఏమవుతుందో మా దగ్గరికొచ్చేవాళ్లను చూస్తే తెలుస్తుంది. కొబ్బరినూనె, నిమ్మకాయ నీళ్ల డైట్లు చేసి వస్తారు. కొవ్వుతోపాటు కండా పోయి ఉంటుంది, మళ్లీ పెరిగేటప్పుడు మాత్రం కొవ్వే వస్తుంది. అమెరికాలో "ద బిగ్గెస్ట్ లూజర్" అని బరువు తగ్గే టీవీ పోటీ ఉండేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి 2016లో ఫలితాలు ఇచ్చారు. సగటున 58 కిలోలు తగ్గారు, అందులో 41 కిలోలు తిరిగొచ్చేశాయి. విశ్రాంతిగా ఉన్నప్పుడు అయ్యే ఖర్చు, వాళ్ల సైజుకు ఉండాల్సినదానికంటే రోజుకు 500 కేలరీలు తక్కువ. మెటబాలిజం డ్యామేజ్ అంటే ఇదే.

హార్మోన్ల పిచ్చయ్య:
సీనయ్య గారూ, అధ్యయనం నిజమే. మీరు దాన్నుంచి తీసిన అర్థం మాత్రం మీకే ఎదురు తిరుగుతుంది. ఆ పోటీవాళ్లు తిండి ఒక్కటే కొయ్యలేదు, రోజూ గంటల తరబడి కసరత్తు చేశారు. అంత చేసినా మెటబాలిజం పడిపోకుండా ఆగలేదు. ఇంకో సంగతి, ఎవరి మెటబాలిజం ఎక్కువ పడిందో వాళ్లే ఎక్కువ పెరిగారా అంటే అదీ కాదు. తగ్గిన బరువును బాగా నిలబెట్టుకున్నవాళ్లలోనే పతనం ఎక్కువగా కనిపించింది. మరి పెరగడానికి అదే కారణమని ఎలా అంటాం?

అదీగాక బరువు తగ్గుతున్న రోజుల్లో కొలిస్తే పతనం పెద్దగా కనిపిస్తుంది. కొన్ని వారాలు బరువు స్థిరపడనిచ్చి కొలిస్తే బాగా చిన్నదైపోతుంది. కాటియా మార్టిన్స్ బృందం 2020లో అలా కొలిస్తే రోజుకు యాభై కేలరీల చుట్టుపక్కల తేలింది, తర్వాతి ఏడాది రెండేళ్లలో ఎవరు ఎంత పెరుగుతారో దాన్ని బట్టి చెప్పలేకపోయారు.

అసలు దొంగ ఆకలి. దీన్ని కొలిచిన తీరు నాకు భలే నచ్చుతుంది. కెనాగ్లిఫ్లోజిన్ అని ఒక షుగరు మందు ఉంది. రోజుకు సుమారు 90 గ్రాముల గ్లూకోజును, అంటే 360 కేలరీలను మూత్రంలో పంపించేస్తుంది. వేసుకున్న మనిషికి ఆ నష్టం తెలియదు. డైటింగ్ చేస్తున్నానన్న స్పృహ లేదు, నోరు కట్టుకోవడం లేదు. అయినా ఒళ్లు కనిపెట్టేసింది. ఏడాదిపాటు వాళ్ల బరువు ఎలా మారిందో చూసి, ఎంత ఎక్కువ తిని ఉంటారో కెవిన్ హాల్ బృందం వెనక్కి లెక్కగట్టింది. 2016 నాటి ఆ లెక్క ప్రకారం ఒక్కో కిలో తగ్గినప్పుడు ఒంటి ఖర్చు రోజుకు ఇరవై ముప్ఫై కేలరీలు పడిపోతే, ఆకలి మాత్రం వంద కేలరీల మేర పెరుగుతుంది. పది కిలోలు తగ్గిన మనిషిని తీసుకోండి. మెటబాలిజం లాగేది రెండు మూడు వందలు, ఆకలి లాగేది వెయ్యి. మనం రెండు మూడు వందల గురించి కొట్టుకుంటున్నాం.

ఈ వెయ్యి వెనక ఉన్నవి హార్మోన్లు. లెప్టిన్ కొవ్వు కణాల నుంచి వస్తుంది, 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ ప్రయోగశాలలో దొరికింది. నిల్వలు ఉన్నాయని మెదడుకు కబురు పంపుతూ ఉంటుంది. స్థూలకాయుల్లో ఇది తక్కువ కాదు, ఎక్కువే ఉంటుంది. మెదడే సరిగ్గా వినిపించుకోదు. అందుకే మామూలు స్థూలకాయానికి లెప్టిన్ ఇంజెక్షన్లు అనుకున్నంత పనిచేయలేదు. కానీ బరువు తగ్గగానే దాని మట్టం హఠాత్తుగా పడిపోతుంది, ఆ పతనాన్ని మాత్రం మెదడు బాగానే వింటుంది, కరువొచ్చిందనుకుంటుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుక్కున్న గ్రెలిన్ పొట్టలోంచి వచ్చి ఆకలి రేపుతుంది. తిన్నాక పేగులు వదిలే పీవైవై, జీఎల్‌పీ-1 లాంటివి ఇక చాలంటాయి. మెల్‌బోర్న్‌లో 50 మందిని పది వారాలు అతి తక్కువ కేలరీల ఆహారం మీద ఉంచితే సగటున పదమూడున్నర కిలోలు తగ్గారు. ఏడాది తర్వాత చూసినా లెప్టిన్, పీవైవై పాత మట్టానికి ఎక్కలేదు, గ్రెలిన్ దిగలేదు, ఆకలి ఎక్కువగానే ఉంది. 2011లో వచ్చిన ఈ అధ్యయనం చదివాక, మళ్లీ లావెక్కినవాళ్లను "మనసు గట్టిగా లేదు" అనడానికి నాకు నోరు రాదు.

కైలాసగిరి:
ఆకలే అసలు సమస్య అయితే వ్యాయామం ఇంకా చెడ్డది కాదా మరి? నడిచొచ్చాక ఆకలి దంచేస్తుంది కదా.

జిమ్ సీనయ్య:
అక్కడే పొరపాటు సార్. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో పన్నెండు మంది కుర్రాళ్ల మీద చేసి చూశారు, 2011లో. ఒక రోజు గంటన్నర పరుగెత్తించి కేలరీల లోటు తెచ్చారు, ఇంకో రోజు సరిగ్గా అంతే లోటు తిండి కోసి తెచ్చారు. తిండి కోసిన రోజు ఆకలి పెరిగింది, గ్రెలిన్ పెరిగింది, పీవైవై పడింది, బఫే పెడితే ఎక్కువ లాగించారు. పరుగెత్తిన రోజు ఇవేవీ జరగలేదు. లోటు ఒకటే, ఒళ్లు స్పందించిన తీరు వేరు. పిచ్చయ్య గారు చెప్పిన ఆ టీవీ పోటీవాళ్లనే మళ్లీ చూసిన 2017 పేపరు కూడా చదవండి. తగ్గిన బరువు నిలబెట్టుకున్నవాళ్లు శారీరక శ్రమను 160 శాతం పెంచుకున్నారు, మళ్లీ పెరిగినవాళ్లు 34 శాతమే.

ఉప్పుచేప:
మొదటిది ఒక్కరోజు ముచ్చట. రెండోదాంట్లో ఏది ముందో ఏది వెనకో ఎవరు చెప్పారు? బరువు తక్కువున్నవాడు మోకాళ్ల నొప్పి లేకుండా నడవగలడు కాబట్టే ఎక్కువ నడిచి ఉండొచ్చుగా.

హార్మోన్ల పిచ్చయ్య:
అభ్యంతరం సబబే. అయినా మన దేశంలోనే జరిగిన ఒక పాత అధ్యయనం చెప్పాలి. 1956లో జాన్ మేయర్, రాయ్, మిత్రా కలిసి పశ్చిమ బెంగాల్‌లో ఒక జనపనార మిల్లుకు చెందిన 213 మందిని పరిశీలించారు. కుర్చీ కదలని గుమాస్తాలు, కొట్లో కూర్చునేవాళ్ల నుంచి బేళ్లు మోసే కూలీల దాకా ఉన్నారు. తేలికపాటి పని నుంచి బరువు పని దాకా శ్రమ పెరిగేకొద్దీ తిండి పెరిగింది, బరువు మాత్రం పెరగలేదు. వింత ఏమిటంటే, అసలు కదలనివాళ్లు తేలిక పనివాళ్లకంటే ఎక్కువ తిన్నారు, అందరికంటే లావుగా ఉన్నదీ వాళ్లే. కదలిక ఒక మట్టం కంటే కిందికి పోతే ఆకలికి కొలత తప్పుతుందన్నమాట. ఇది కూడా ఒకసారి చూసి రాసుకున్నదే, కారణం రుజువు చేయదు. కానీ "నడిస్తే ఎన్ని కేలరీలు కరుగుతాయి" అన్న ప్రశ్నే తప్పేమో అన్న అనుమానం నాకు ఇక్కడే మొదలైంది.

పాలమూరు శారద:
గింత మాట్లాడిన్రు గని కంచంల ఏమున్నదో ఒక్కలన్న అడిగిన్రా? కేలరీలు కేలరీలు అంటరు, అన్ని కేలరీలు ఆకలిని ఒక్కతీరుగ ఆపుతయా? 2019ల గదే కెవిన్ హాల్ ఇరవై మందిని ఆస్పత్రిలనే ఉంచి రెండు వారాలు ప్యాకెట్ తిండి, రెండు వారాలు ఇంటి తీరు తిండి పెట్టిండు. చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు, పెట్టిన కాడికి రెండిట్ల సమానమే. ఎంతన్న తినుమన్నడు. ప్యాకెట్ తిండి తిన్నప్పుడు రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నరు, కిలోకు దగ్గర దగ్గర పెరిగిన్రు. ఇంటి తీరు తిన్నప్పుడు అంతే తగ్గిన్రు, పీవైవై పెరిగింది, గ్రెలిన్ తగ్గింది. ఎవ్వలు కడుపు మాడ్చుకోలే.

ఇగ మన దిక్కు ముచ్చట. దేశంల మనోళ్లు తినే కేలరీలల్ల 62 శాతం పిండిపదార్థాలే అని ఐసీఎంఆర్ సర్వేల తేలింది. మా పాలమూరుల జొన్నరొట్టె తిన్న ఇండ్లల్ల ఇప్పుడు పొద్దుగాల ఉప్మా, పగటీలి అన్నం, రాత్రి మళ్ల అన్నం. పప్పు నీళ్లలెక్క పోస్తరు, గుడ్డు ఉంటే మొగోళ్లకు, పిల్లలకు. ప్రోటీన్ అరగనీకే దాంట్ల ఉన్న కేలరీలల్ల ఇరవై ముప్ఫై శాతం ఖర్చయితది, కడుపు నిండినట్టు కూడ ఎక్కువసేపు ఉంటది. ముందుగాల అది సూడుండ్రి, తర్వాత ట్రెడ్‌మిల్.

డాలస్ మూర్తి:
శారద గారు చెప్పింది బాగుంది. కానీ ఇక్కడ అమెరికాలో చర్చ బరువు తగ్గించే ఇంజెక్షన్ల దగ్గరికి వెళ్లిపోయింది, ఇండియాలో కూడా 2025 నుంచి మౌంజారో, వెగోవీ అమ్ముతున్నారు కదా. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్, జీఎల్‌పీ-1 హార్మోన్ చేసే పనే చేసే మందు, ఆకలినే పట్టుకుంటుంది. 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గింది. మానేసిన ఏడాదికి మాత్రం తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. పిచ్చయ్య గారి ఆకలి సిద్ధాంతానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

హార్మోన్ల పిచ్చయ్య:
మూర్తి గారూ, ఏది ముందో ఏది వెనకో అన్న ఉప్పుచేప గారి ప్రశ్నకు జవాబు కూడా ఈ మందుల అధ్యయనాల నుంచే వస్తుంది. కోపెన్‌హాగన్‌లో 195 మందికి ముందు ఎనిమిది వారాల తక్కువ కేలరీల డైట్ పెట్టారు, 13 కిలోలు తగ్గారు. ఆ తర్వాత లాటరీ వేసి ఏడాదిపాటు కొందరికి వ్యాయామం, కొందరికి లిరాగ్లుటైడ్ అనే జీఎల్‌పీ-1 మందు, కొందరికి రెండూ, మిగిలినవాళ్లకు ఉత్తుత్తి మందు ఇచ్చారు. లాటరీ కాబట్టి "నడవగలిగినవాడే నడిచాడు" అనడానికి లేదు. 2021లో ఫలితం వచ్చింది. ఉత్తుత్తి మందువాళ్లు పెరిగారు, రెండూ చేసినవాళ్లు అందరికంటే ముందున్నారు. ఆ తర్వాత మందూ, శిక్షణా రెండూ ఆపేసి ఇంకో ఏడాది చూస్తే, మందు ఒక్కటే వాడినవాళ్లు ఎక్కువగా తిరిగి పెరిగారు, వ్యాయామం చేసినవాళ్లు తక్కువగా పెరిగారు. బరువు దించడంలో నడకది చిన్న చెయ్యి, దిగినదాన్ని నిలబెట్టడంలో పెద్ద చెయ్యి. నా వాదన ఇంతే.

ఉప్పుచేప:
నేనన్నది దించడం గురించి, అది అలాగే ఉంది. నిలబెట్టడంలో వ్యాయామానికి వాటా ఉందంటారు, కోపెన్‌హాగన్ లెక్క చూశాక దానికి అడ్డు చెప్పను. కానీ అక్కడ వ్యాయామం అంటే ట్రైనర్లు ఒక పద్ధతి పెట్టి చేయించింది, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూస్తూ చేయించింది. మన బీచ్ రోడ్డులో ఫోను మాట్లాడుకుంటూ నడిచే నడకకు ఆ ఫలితం అంటగట్టడం కుదరదు. పూరీ బండి సంగతి సరేసరి.

పాలమూరు శారద:
ఉప్పుచేప అన్నా, పొద్దుగాల ఆరింటికి నడిచేటోళ్లల్ల ఆడోళ్లు ఎంతమందో గది కూడ ఒకసారి సూడు. మా కాలనీ పార్కుల అయితే తక్కువనే కనబడుతరు. ఆ టైంల పొయ్యి కాడ ఉంటరు.