కిల్న్‌లో ఒక్క ఎలిమెంట్ తెగితే మొత్తం సెట్ మార్చాలా?

లాసన్స్‌బే_మట్టి: మా కరెంటు కిల్న్‌లో (మట్టి పాత్రలు కాల్చే కొలిమి) కింది నుంచి రెండో వరస ఎలిమెంట్, అంటే వేడెక్కే తీగ చుట్ట, తెగింది. కాంథల్ ఏ-1 (ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపిన తీగ) కాయిల్స్, కోన్ 6 దాకా, అంటే సుమారు 1220 డిగ్రీల దాకా కాలుస్తాం. సర్వీసుకి వచ్చినాయన ఆరూ మార్చెయ్యమంటున్నాడు. మిగతా ఐదూ ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి. వాటిని పారేయడానికి మనసొప్పడం లేదు. ఏమంటారు?

గాజువాక_వైండింగ్: ఒక్కటి మార్చండి చాలు. ఆటోనగర్‌లో ఒక కాయిల్ చుట్టించుకుంటే పోయేదానికి ఆరు కొనడం దేనికండీ? ఆయనకి బేరం కావాలి, అంతే.

మల్టీమీటర్_మావయ్య: ఆయన బేరం ఆయన చూసుకుంటాడు గానీ, ఎర్రగా వెలిగినంత మాత్రాన బాగున్నట్టు కాదు. మెయిన్ ఆపి, వైర్లు విప్పి ఒక్కో కాయిల్ ఓమ్స్ (నిరోధం) కొలవండి. కొత్తప్పటి లెక్క మీద 10 శాతం పెరిగిందంటే పవర్ 9 శాతం తగ్గిపోయినట్టే. పాతవాటి మధ్య కొత్తది పెడితే ఇంకో తంటా. సీరీస్‌లో ఉంటే పాతదాని మీదే ఎక్కువ వేడి పడి అది ముందు పోతుంది. పారలల్ అయితే కొత్తది ఎక్కువ లాగుతుంది, ఆ వరసలో గ్లేజ్ (పాత్ర మీది గాజు పూత) కారిపోతుంది, పక్క వరసలో పచ్చిగా ఉంటుంది.

ముందు తెగినచోట చూడండి. గాజు బొట్టు అంటుకుని ఉంటే అది వయసు మీద పడి పోయింది కాదు, గ్లేజ్ తినేసింది. ఇటుక గాడిలో ఆ మరకని గీకకుండా కొత్తది పెడితే మళ్లీ అక్కడే తెగుతుంది.

గాజువాక_వైండింగ్: వేసవిలో సాయంత్రం వోల్టేజీ 230 నుంచి 207కి పడితే పవర్ 19 శాతం పోతుంది. కిల్న్ లేటయిందని జనం ఎలిమెంట్లని తిడతారు.

మల్టీమీటర్_మావయ్య: అందుకే గడియారం కాదు, ఓమ్స్ చూడమన్నాను.

పెదవాల్తేరు_సెరామిక్: మీరుండేది బీచ్ పక్కన, సముద్రపు గాలిని ఎవరూ అనరేం? కాంథల్‌ని కాపాడేది పైన కట్టే అల్యూమినా పొర. ఉప్పు దాన్ని కొరికేస్తుంది. కొందరు రంగుల కోసం కరెంటు కిల్న్‌లో రంపపు పొట్టు వేసి పొగబెడతారు, అది ఇంకా దారుణం. బిస్క్ (గ్లేజ్ వేయకముందు మొదటి కాల్పు) కాల్చేటప్పుడు కూడా పొగ బయటికి పోయే దారి ఉండాలి.

లాసన్స్‌బే_మట్టి: కొలిచాను. తెగినచోట గాజు బొట్టు ఉంది. మిగతావాటిలో నాలుగు బాగున్నాయి, పై వరసది మాత్రం 12 శాతం పెరిగింది.

మల్టీమీటర్_మావయ్య: అయితే ఆ రెండూ మార్చండి, ఆరు అక్కర్లేదు. పాత కాయిల్‌ని చల్లగా ఉన్నప్పుడు వంచితే పుటుక్కున విరుగుతుంది, పక్కవాటిని కదపకండి. కొత్తవి వేశాక మొదటిసారి ఖాళీ కిల్న్‌ని లోపల గాలి ఆడేలా ఉంచి 1050 డిగ్రీల దాకా కాల్చండి, పొర కడుతుంది.

గాజువాక_వైండింగ్: రెండంటే సరే. టెర్మినల్ బోల్టులు కూడా మార్చండి, బీచ్ పక్కన అవే ముందు తుప్పు పడతాయి.