నీలి కెంపు రేడియో నాటకం: దొంగను వదిలేయడానికి హోమ్స్ ఎవరు?

పాతట్రాన్సిస్టర్:
నిన్న రాత్రి నిద్ర పట్టక బీబీసీ రేడియో వాళ్ల షెర్లాక్ హోమ్స్ నాటకాల్లో ‘బ్లూ కార్బంకుల్’ మళ్లీ విన్నాను. క్లైవ్ మెరిసన్ హోమ్స్, మైకేల్ విలియమ్స్ వాట్సన్. 1989 నుంచి 1998 దాకా కానన్ డాయిల్ రాసిన 60 కథలూ, నవలలతో సహా, ఈ ఇద్దరే చేశారు. కార్బంకుల్ అంటే నిజానికి ఎర్ర రాయి, అందుకే నేను నీలి కెంపు అంటున్నాను. (మా ఊళ్లో డాక్టరు కార్బంకుల్ అంటే రాచపుండు, అది వేరే కథ.)

తెలియనివాళ్ల కోసం: క్రిస్మస్ రోజుల్లో లండన్‌లో ఒక హోటల్లో మోర్కార్ కౌంటెస్ గారి రాయి పోతుంది. ఆ గదిలో పొయ్యి కమ్మీ అతకడానికి వచ్చిన ప్లంబర్ హార్నర్‌ని పట్టుకుపోతారు, పాత దొంగతనం కేసు ఒకటి ఉంది మరి. అసలు దొంగ హోటల్లో పనిచేసే రైడర్. వాడు రాయిని అక్క పెరట్లో ఒక పెద్దబాతు చేత మింగించి, తీరా తీసుకెళ్లేటప్పుడు అచ్చం అలాంటిదే ఇంకో బాతుని ఎత్తుకుపోతాడు. రాయి ఉన్న బాతు చేతులు మారి మారి హోమ్స్‌కి తెలిసిన పీటర్సన్ ఇంటికి చేరుతుంది, కోస్తే రాయి బయటపడుతుంది. హోమ్స్ ఆ బాతు వచ్చిన దారి వెతుక్కుంటూ వెళ్లి రైడర్‌ని పట్టుకుంటాడు. వాడు కాళ్ల మీద పడి ఏడుస్తాడు. హోమ్స్ తలుపు తీసి పొమ్మంటాడు.

ఈ కథ 1892లో అచ్చయింది, అప్పటికి రేడియో నాటకాలే లేవు. అయినా ఆ వెళ్లిపోవడం ఎలా రాశాడో చూడండి: మెట్ల మీద దడదడ, తలుపు ధడేల్‌మనడం, వీధిలో పరిగెత్తే అడుగులు. మనిషి కనపడడు, చప్పుళ్లే. నాకైతే చీకట్లో ఒళ్లు జలదరించింది. వదిలేయడం కరెక్టేనా? మీరేమంటారు?

రిటైర్డ్‌మాస్టారు:
నూటికి నూరుపాళ్లు కరెక్టు. వీణ్ణి ఇప్పుడు జైలుకి పంపితే జీవితాంతం జైలు పక్షే అవుతాడు అని హోమ్సే చెప్తాడు. భయంతో వణికిపోతున్నవాడు మళ్లీ దొంగతనం చేయడు. 30 ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ని, నాకు తెలుసు. శిక్ష వేయడం చాలా తేలికండీ, వదిలేయడానికే దమ్ము కావాలి.

కైకలూరు కుర్రాడు:
అన్నా, అసలు సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. రాయి బాతు మెడ కింద గింజలు నిలవుండే సంచిలో దొరికింది అని రాశాడు. కోడికి ఉంటుంది ఆ సంచి. బాతుకీ పెద్దబాతుకీ అలాంటి సంచి ఉండదు. మా ఇంట్లో బాతులు మేపారు, కోతలయ్యాక వరి మళ్లలో తిప్పేవాళ్లు, నేను చిన్నప్పుడు ఎన్ని కోసి శుభ్రం చేశానో నాకే లెక్క లేదు. కందనకాయలో దొరికిందని రాసుంటే ఒప్పుకునేవాణ్ణి.

డల్లాస్ రాజు:
కారులో విన్నా. చివర్లో బ్రేక్ వేశా. అంతే చెప్తా.

సుధ ఖమ్మం:
అందరూ రైడర్ గురించే మాట్లాడుతున్నారు. హార్నర్ సంగతేంటి? ఆయన్ని ఆ గదికి తీసుకెళ్లింది రైడరే. ఇరికించడానికే పిలిపించాడు. తర్వాత పోలీసుల దగ్గర సాక్ష్యం చెప్పిందీ వాడే. కోర్టులో ఆ ప్లంబర్ స్పృహ తప్పి పడిపోతే మోసుకెళ్లారు. ఇదంతా హోమ్స్ పేపర్లో చదివి వినిపిస్తాడు, రెండు వాక్యాలు. కథ మొత్తంలో హార్నర్ నోటి నుంచి ఒక్క మాట నేరుగా వినపడదు.

రిటైర్డ్‌మాస్టారు:
అమ్మా, మీరు కథ సరిగ్గా చదివినట్టు లేరు. హార్నర్‌కి ప్రమాదం ఉంటే వేరే సంగతి, వీడు సాక్ష్యానికి రాడు కాబట్టి కేసు నిలబడదు అని హోమ్స్ చివర్లో స్పష్టంగా అంటాడు. హార్నర్ బయటికి వస్తాడు. సమస్య ఎక్కడుంది?

కైకలూరు కుర్రాడు:
సంచి లేదు మాస్టారూ, సమస్య అక్కడుంది.

పాతట్రాన్సిస్టర్:
బాతుని కాసేపు పక్కన పెడదాం. రేడియో సంగతి కూడా మాట్లాడండి. హోమ్స్ మొదటిసారి రేడియోలో వినపడింది 1930లో, అమెరికాలో, విలియం గిలెట్ గొంతుతో. 1939లో బేసిల్ రాత్‌బోన్, నైజెల్ బ్రూస్ వచ్చారు. ఆ వాట్సన్ ఉత్త తింగరి మనిషిలా ఉంటాడు, నాకు నచ్చడు. తర్వాత బీబీసీలో 1952 నుంచి 1969 దాకా కార్ల్‌టన్ హాబ్స్, నార్మన్ షెల్లీ. నాకు మాత్రం మెరిసన్ హోమ్సే హోమ్స్, కోపం కూడా మర్యాదగానే చూపిస్తాడు.

సుధ ఖమ్మం:
మాస్టారూ, నేను కథ సరిగ్గానే చదివాను. “బయటికి వస్తాడు” అన్నారు కదా, ఎలా వస్తాడో చెప్తాను. సాక్షి రాలేదు కాబట్టి కేసు కొట్టేస్తారు. అంతే. అసలు దొంగ ఎవరో ఎవరికీ తెలియదు. ఇక ఊరంతా ఏమనుకుంటుంది? “వాడే తీశాడు, రుజువు కాలేదంతే” అనుకుంటుంది. పాత కేసు కూడా ఉన్నవాడిని ఇంకెవరు పనికి పిలుస్తారు?

మా నాన్న కరెంటు పని చేసేవాడు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒకరింట్లో ఫ్యాన్ బాగుచేసి వచ్చాడు, ఆ సాయంత్రం ఆ ఇంటావిడ గొలుసు కనపడలేదు. రెండు రాత్రులు స్టేషన్లో ఉంచారు. గొలుసు వారం తర్వాత వాళ్ల బియ్యం డబ్బాలో దొరికింది, ఊరెళ్లేటప్పుడు ఆవిడే దాచి మర్చిపోయింది. మా ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు. పక్కింటి ఆవిడ బజార్లో విని మా అమ్మకి చెప్తే తెలిసింది. అప్పట్నుంచి నాన్న ఎవరింట్లో పని చేసినా, వెళ్లేముందు సంచి బోర్లించి టెస్టరూ, కటింగ్ ప్లేయరూ, టేపు చుట్టా అన్నీ గడప దగ్గర పరిచి చూపించేవాడు. ఎవరూ అడక్కపోయినా. మొన్న మొన్నటి దాకా అంతే.

డల్లాస్ రాజు:
😔

రిటైర్డ్‌మాస్టారు:
మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ దానికీ దీనికీ సంబంధం లేదు. అక్కడ దొంగే లేడు. ఇక్కడ దొంగ దొరికాడు, పశ్చాత్తాపపడ్డాడు. నా అనుభవం చెప్తాను. ఒకసారి స్కూల్లో విహారయాత్ర కోసం వసూలు చేసిన 2,300 రూపాయలు స్టాఫ్‌రూమ్ బీరువాలోంచి పోయాయి. వారం తర్వాత తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఇంటికొచ్చి ఏడుస్తూ ఒప్పుకున్నాడు. సగం ఖర్చుపెట్టేశాడు. మిగతాది నేనే వేసి సర్దాను, ఎవరికీ చెప్పలేదు. వాడిప్పుడు బ్యాంకులో ఆఫీసరు. ఇప్పటికీ ప్రతి సంక్రాంతికీ ఫోన్ చేస్తాడు. మీరు చెప్పిన పద్ధతిలో అయితే వాడు ఏమయ్యేవాడు?

సుధ ఖమ్మం:
ఆ వారం రోజులూ ఎవరిని అనుమానించారు మాస్టారూ?

రిటైర్డ్‌మాస్టారు:
ఇది చర్చా, క్రాస్ ఎగ్జామినేషనా?

సుధ ఖమ్మం:
ఊరికే అడిగాను. డబ్బు పోతే ఎవరో ఒకరి మీదికి పోతుంది కదా.

రిటైర్డ్‌మాస్టారు:
గది ఊడ్చే ఆయాని అడిగారు. హెడ్మాస్టర్ గారు బ్యాగ్ చూపించమన్నారు. ఎక్కడైనా అడుగుతారు, పద్ధతి అది. మాటని ఎటో తీసుకెళ్తున్నారు మీరు. మీకు నచ్చకపోతే మంచి చేసినవాడు కూడా దొంగేనన్నమాట.

పాతట్రాన్సిస్టర్:
ఇద్దరూ కొంచెం నెమ్మది. నాటకం గురించి మొదలుపెట్టాం.

సుధ ఖమ్మం:
నాటకం గురించే మాట్లాడుతున్నాను అన్నా. రైడర్ గొంతు మనం వింటాం. వాడు ఏడుస్తాడు, అమ్మా నాన్నల పేరు చెప్పి బతిమాలతాడు, కాళ్లు పట్టుకుంటాడు. కాబట్టి మనకి జాలి కలుగుతుంది. హార్నర్ గొంతు వినపడదు కాబట్టి జాలి కలగదు. రేడియోలో గొంతు లేనివాడు గదిలో లేనట్టే కదా. హోమ్స్ వెచ్చగా పొయ్యి దగ్గర కూర్చుని క్షమిస్తున్న రాత్రి ఆ ప్లంబర్ ఎక్కడున్నాడు? జైల్లో. పండగ పూట. ఒక్క రాత్రి ఎక్కువున్నా సరే, ఆ రాత్రి హోమ్స్‌ది కాదు ఇచ్చేయడానికి.

మాస్టారూ, మీరు ఆ కుర్రాణ్ణి వదిలేయడం తప్పని నేను అనలేదు. నేనైనా వదిలేసేదాన్నేమో. మీరు డబ్బు దొరికిందని చెప్పారా లేదా అన్నదే నా ప్రశ్న. ఆ కుర్రాడు మీకు సంక్రాంతికి ఫోన్ చేస్తాడు. మరి ఆయా?

కైకలూరు కుర్రాడు:
ఇంకో సంగతి, 1000 పౌండ్ల బహుమతి ఉంది కదా రాయికి. దాని అసలు ఖరీదులో ఇరవయ్యో వంతు కూడా కాదని హోమ్సే అంటాడు. బాతుని కోసింది పీటర్సన్ వాళ్లావిడ. ఆ డబ్బు ఆవిడకి ఇచ్చారో లేదో కథలో ఎక్కడా లేదు. రాయిని తన పెట్టెలో పెట్టి తాళం వేసి, కౌంటెస్‌కి ఉత్తరం రాస్తానంటాడు, అంతే.

డల్లాస్ రాజు:
బాతన్నా నువ్వు మామూలోడివి కాదు.

రిటైర్డ్‌మాస్టారు (రెండు రోజుల తర్వాత):
జవాబు రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను. డబ్బు దొరికిందని హెడ్మాస్టర్ గారికి చెప్పాను. ఎలా దొరికిందో చెప్పలేదు, బీరువా వెనక పడి ఉందన్నాను. కుర్రాడి పేరు బయటికి రాకూడదని. ఆవిడ అప్పటికే పని మానేసింది. నాలుగో రోజునే మానేసిందనుకుంటాను. కబురు చేయాలని తట్టలేదు, నిజంగా తట్టలేదు. ఆవిడ పేరు గుర్తు తెచ్చుకోవాలని రెండు రోజులుగా చూస్తున్నాను. అందరం ఆయా అనే పిలిచేవాళ్లం. హోమ్స్ చేసింది కరెక్టేనని ఇప్పటికీ అంటాను. కానీ మీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

సుధ ఖమ్మం:
రాసినందుకు థాంక్స్ మాస్టారూ.

కైకలూరు కుర్రాడు:
మా అమ్మని ఫోన్ చేసి అడిగాను. బాతు మెడలో సంచి ఉండదనే అంది. ఒకసారి మా చెల్లి చెవి దుద్దు మింగిన బాతుని కోస్తే కందనకాయలోనే దొరికిందట, ఇసుకతో పాటు, కొంచెం అరిగిపోయి. డాయిల్‌ది తప్పే.
మాస్టారూ, స్కూళ్లో పాత జీతాల రిజిస్టర్ ఉంటుంది కదా. అందులో ఆవిడ పేరుంటుంది.